ముగ్గుర్ని కనమంటున్నారు సరే, లోటు ఎక్కడుందో చూశారా?

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ: "నిన్నటిదాకా ఇద్దరు చాలన్న ప్రభుత్వమే ఇప్పుడు ముగ్గుర్ని కనమంటోంది. జనం తగ్గితే భూమీ ఉద్యోగాలూ తలకి కాస్త ఎక్కువ మిగలాలి కదా, మరి నష్టమేంటి? దక్షిణాదికి అన్యాయం జరుగుతోందన్న మాటలో నిజమెంత?" నేను జిల్లా గణాంక విభాగంలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. జనగణన పనులు, కుటుంబ సంక్షేమ లెక్కలు, పింఛన్ల జాబితాలు చూస్తూనే సర్వీసంతా గడిచింది. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొత్తం జనాభా ఎంత అన్న ఒక్క అంకెను చూసి ఏదీ తేల్చలేమండి. ఏ వయసువాళ్లు ఎంతమంది, ఆడా మగా ఎంతెంత, ఎవరు ఎక్కడ ఉంటున్నారు అన్నవి చూడాలి. వాటికన్నా ముఖ్యంగా ఇంకో రెండు చూడాలి: ఒక మనిషిని కని పెంచి పనికి అందించే ఖర్చు ఎవరు భరించారు, ఆ మనిషి కష్టం ఎవరికి దక్కుతోంది? ఈ రెండూ వేర్వేరు చోట్ల ఉన్నప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. మన రాష్ట్రాల కథ అంతా ఇందులోనే ఉంది.

ముందు మన జననాలు ఎలా తగ్గాయో చూద్దాం. ఒక తరం స్థానంలో ఇంకో తరం సరిగ్గా భర్తీ కావాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మొదటిసారి 1992-93లో చేసినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2.6 దగ్గర ఉంది. 2005-06 నాటికే 1.8కి దిగిపోయింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. అదే సర్వేలో దేశం సగటు 2.0, బిహార్ 3.0. అంటే మనం భర్తీ స్థాయికి దిగువన ఉండబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ముగ్గుర్ని కనమన్న మాట ఈమధ్య వినిపిస్తోంది గానీ, పరిస్థితి ఈమధ్య వచ్చింది కాదు.

చదువూ సంపదా పెరిగితే పిల్లలు తగ్గుతారని మేం చదువుకున్నాం. కేరళలో అలాగే జరిగింది. మన దగ్గర జరిగిన తీరు వేరు. 1991లో ఉమ్మడి రాష్ట్రంలో చదవడం రాయడం వచ్చిన ఆడవాళ్లు మూడింట ఒక వంతే. ఆదాయాలూ అంతంతమాత్రమే. అయినా జననాలు జారిపోయాయి. ఊరూరా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ క్యాంపులు పెట్టడం, 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన, 1997లో రాష్ట్రం ప్రత్యేకంగా తెచ్చిన జనాభా విధానం, ఇవన్నీ పనిచేశాయి. కానీ కేవలం ప్రభుత్వం ఒత్తిడితోనే ఇంత జరిగిందంటే నేను ఒప్పుకోను. జనం లెక్క వేసుకున్నారు. చెక్క భూమి పంచితే ఎవరికీ మిగలదు, కాన్వెంటు ఫీజు ఒక్కడికి కట్టగలం గానీ నలుగురికి కట్టలేం, ఇద్దరు ఆడపిల్లలకు కట్నాలు ఇచ్చేసరికి ఇల్లు గుల్లవుతుంది. ఈ మాటలు ఏ అరుగు మీద కూర్చున్నా వినిపించేవి.

ఆ లెక్క వేసింది ఇంట్లోవాళ్లందరూ. భారం మోసింది మాత్రం ఆడదే. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో నూటికి 70 మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లలో నూటికి ఒక్కరు కూడా లేరు. పైగా 20-24 ఏళ్ల వయసు స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లి అయిపోయింది. పదిహేడుకి పెళ్లి, ఇరవై ఒకటికి ఇద్దరు పిల్లలు, ఇరవై మూడుకి ఆపరేషన్. బడి నుంచి నేరుగా పిల్లల పెంపకంలోకి, అక్కణ్ణుంచి కూలిపనిలోకి. జననాల రేటు చూస్తే ఐరోపా దేశంలా ఉంటుంది, ఆ రేటు వెనకున్న మనిషి బతుకు చూస్తే అలా ఉండదు. దీన్ని గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, దీని ఫలితమే ఇప్పుడు ముసలితనం రూపంలో మన ముందుకొస్తోంది.

ఫ్రాన్సులో 65 దాటినవాళ్ల వాటా 7 శాతం నుంచి 14 శాతానికి పెరగడానికి వందేళ్లకు పైగా పట్టింది. జపాన్‌లో పాతికేళ్ల లోపే జరిగింది గానీ, ఆ పాతికేళ్లలో జపాన్ బాగా సంపాదించుకుంది. మన సంగతి చూడండి. అధికారిక అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అరవై దాటినవాళ్లు 2021లో 12.4 శాతం, 2031కి 16.4 శాతం. అదే 2021లో బిహార్‌లో 7.7 శాతమే. మనవాళ్లలో అత్యధికులు పీఎఫ్ అన్న మాట ఎరగకుండా పనిచేసినవాళ్లు. పొలం పని, మేస్త్రీ పని, బీడీలు చుట్టడం, ఇంటి పని.

పింఛన్ల జాబితా ఏ ఊరిది తెరిచినా ఒంటరి ముసలావిడ కథ ఒకటే పేజీలకు పేజీలు కనబడుతుంది. భర్త ఏడెనిమిదేళ్లు పెద్ద, ముందే పోయాడు. కొడుకు హైదరాబాదులో డ్రైవరు, కూతురు పక్క మండలంలో కాపురం. సెంటు భూమి ఆమె పేరున లేదు. ఒకటో తారీఖు పొద్దున్న సచివాలయం ఉద్యోగి గుమ్మంలోకి వచ్చి మిషన్ చాపితే, నాట్లు వేసీ కలుపు తీసీ అరిగిపోయిన వేలికి ముద్ర పడదు. బొటనవేలు కాకపోతే చూపుడువేలు, అదీ కాకపోతే తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టడం. చివరికి పడుతుంది, నాలుగు వేలు చేతికొస్తాయి. ఆ నెలకి మందులూ బియ్యమూ కరెంటు బిల్లూ అన్నీ అందులోనే.

2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య, వితంతు పింఛను 4,000. అన్ని రకాలూ కలిపి అరవై లక్షల మందికి పైగా తీసుకుంటున్నారు. నెలకి 2,500 కోట్లకు పైనే అవుతుంది. ఇందులో కేంద్రం వాటా ఎంతో తెలుసా? 79 ఏళ్ల దాకా వృద్ధాప్య పింఛనుకు మనిషికి 200 రూపాయలు, ఎనభై నిండితే 500. ఆ వాటా కూడా అందరికీ రాదు, దారిద్య్రరేఖ దిగువనున్నవాళ్లకే. తక్కినదంతా రాష్ట్రం ఖజానాలోంచే. ఇది దుబారా అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ముప్ఫై నలభై ఏళ్లు తక్కువ కూలికి పనిచేసి మన తిండి చౌకగా ఉంచినవాళ్లకు ఆలస్యంగా ఇస్తున్న జీతం అది. కాకపోతే తీసుకునేవాళ్లు పెరుగుతూ, పన్నులు కట్టే వయసువాళ్లు తగ్గుతూ పోతే బడ్జెట్ ఎక్కణ్ణుంచి సర్దాలన్నది నిజమైన సమస్యే. ఆ సమస్యను ఎవరూ దాచాల్సిన పనిలేదు.

సరే, మనుషులు తగ్గితే పని దొరకడం సులువవుతుంది కదా అన్నారు. కూలి రేట్లు కొంత పెరిగిన మాట వాస్తవం. కానీ ఖాళీ అయిన చోటు ఖాళీగా ఉండదండి, పక్కనుంచి మనిషి వస్తాడు. తెలంగాణలో వరి సాగు విపరీతంగా పెరిగాక నాట్ల సీజన్లో ఉమ్మడి కరీంనగర్, నల్గొండ జిల్లాల్లోకి వెళ్లి చూడండి. బిహార్ నుంచీ బెంగాల్ నుంచీ వచ్చిన మగవాళ్ల ముఠాలు ఎకరాకు ఇంతని గుత్తకు మాట్లాడుకుని నాట్లు వేస్తుంటారు. తరతరాలుగా నాటు వెయ్యడం ఆడవాళ్ల పని. ఈ ముఠాలు పొద్దు పొడవకముందే దిగి, చీకటి పడేదాకా చేసి, గట్టు మీద షెడ్డులోనో రైతు పాకలోనో పడుకుంటాయి. రైతుకి తొందరగా అయిపోతుంది, గుత్త కూడా గిట్టుబాటవుతుంది. స్థానిక ఆడకూలీలకు బేరం చేసే బలం ఆ మేరకు పోతుంది. రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, హైదరాబాదు చుట్టూ అపార్టుమెంట్లు కట్టేవాళ్లు, ఇటుక బట్టీల్లో ఒడిశా బలంగీర్, నువాపడా నుంచి పిల్లాజెల్లాతో వచ్చినవాళ్లు, అందరిదీ ఇదే దారి.

మన ఆర్థిక వ్యవస్థ వాళ్ల మీద ఎంత ఆధారపడిందో లాక్‌డౌన్ చూపించింది. 2020 మే 1న దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు వలస కూలీలను ఎక్కించుకుని లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. నడిచి పోతున్నవాళ్ల బొమ్మలే ఆ రోజుల్లో అందరం చూశాం. వారం తిరిగేసరికి బిహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు ఇదే లింగంపల్లికి వచ్చింది. అందులో దిగినవాళ్లు రైస్ మిల్లు హమాలీలు. యాసంగి ధాన్యం కళ్లాల్లో పేరుకుపోయి, మోసేవాడు లేక మిల్లులు ఆగిపోతాయన్న భయంతో రప్పించారు. స్టేషన్లో మంత్రులు ఎదురెళ్లి స్వాగతం చెప్పారు.

ఇక్కడ ఇందాకటి ప్రశ్న తీసుకురండి. ఆ హమాలీని కన్నదెవరు? బిహార్‌లో ఒక తల్లి. పాలిచ్చి, టీకాలు వేయించి, ఎంతో కొంత చదివించిన ఖర్చు ఆ కుటుంబానిదీ, దేశంలో అతి పేద రాష్ట్రాల్లో ఒకటైన బిహార్ ప్రభుత్వానిదీ. పద్దెనిమిదేళ్ల ఖర్చు అక్కడ అయ్యాక, పనిచేసే వయసు మనకొచ్చింది. అతను ఎత్తిన బస్తా మన రాష్ట్ర ఉత్పత్తి లెక్కలో పడుతుంది. వెన్ను విరిగి మూలపడ్డ రోజున మళ్లీ రైలెక్కి అక్కడికే పోతాడు. మనం కనకుండా వదిలేసిన పిల్లల్ని ఎవరో కని పెంచి పంపిస్తున్నారు కాబట్టే మన చిన్న కుటుంబాల లెక్క ఇంతకాలం నిలబడింది. ఉత్తరాది వాళ్లు కంటూ పోతే మనం పన్నులు కట్టి పోషిస్తున్నామని కోపంగా మాట్లాడేవాళ్లు ఈ ఖాతా కూడా తెరిచి చూడాలని నా మనవి.

అదే ఖాతాలో మనం నష్టపోయే పేజీ కూడా ఉంది. మన పిల్లాడు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివి, ఆ మీదట బ్యాంకు లోనుతో ఎంఎస్ చేసి టెక్సాస్‌లో స్థిరపడితే, పెంచిన ఖర్చు మనది, ముప్ఫై ఏళ్ల పనితనం అమెరికాది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి దుబాయ్ పోయినవాళ్లు, కోనసీమ నుంచీ కడప నుంచీ కువైట్ ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు కనీసం డబ్బు ఇంటికి పంపుతారు. డబ్బు వస్తుంది గానీ, రాత్రిపూట అమ్మకి ఆయాసం వస్తే ఆటో పిలిచే మనిషి ఉండడు. విజయవాడలోనూ హైదరాబాదులోనూ ముసలివాళ్లను చూసుకునే అటెండెంట్లను పంపే ఏజెన్సీలు ఇన్ని పుట్టాయంటే కారణం అదే. ఆ అటెండెంటు కూడా తన ఊళ్లో తన అమ్మను ఎవరికో అప్పగించి వచ్చిన పిల్లే.

ఇక ఆడా మగా తేడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 975 మంది ఆడపిల్లలు ఉంటే, 2001లో 961, 2011లో 939. ప్రకృతి లెక్కలో పుట్టుకలప్పుడే వెయ్యికి 950 దగ్గర ఉంటారు, కాబట్టి 975 నుంచి దిగడంలో కొంత వేరే కారణాలుండొచ్చు. 939 అంటే మాత్రం స్కానింగ్ సెంటర్ల ప్రమేయం లేదనుకోవడం కష్టం. లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994 నుంచీ ఉంది. పిల్లలు ఇద్దరే అనుకున్నప్పుడు, అందులో ఒక్కడైనా మగపిల్లాడు కావాలన్న పట్టుదల ఎక్కువవుతుంది. చిన్న కుటుంబం, కొడుకు మీద మోజు, స్కానింగ్ మిషన్ ఒకేసారి ఒక ఇంట్లో కలిస్తే జరిగేది అదే. హర్యానాలో ఇది ఎంత ముదిరిందంటే 2001లో వెయ్యికి 819. ఇప్పుడక్కడ అస్సాం, బిహార్, బెంగాల్ నుంచి డబ్బిచ్చి పెళ్లికూతుళ్లను తెచ్చుకుంటున్నారు.

మన దగ్గర పెళ్లికూతుళ్ల కొరతకు ఇంకో కారణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మన పెళ్లిళ్లలో పిల్లాడు అయిదారేళ్లు పెద్ద. ఏటేటా పుట్టేవాళ్లు పెరుగుతున్న రోజుల్లో, తనకన్నా అయిదేళ్ల తర్వాత పుట్టిన ఆడపిల్లలు ఎక్కువమంది ఉండేవారు. వరుళ్లకు గిరాకీ, కట్నాలు పెరగడానికి అదీ ఒక కారణమని ఆర్థికవేత్తలు చాలాకాలంగా వాదిస్తున్నారు. ఇప్పుడు పుట్టుకలు ఏటేటా తగ్గుతున్నాయి కాబట్టి అయిదేళ్ల తర్వాత పుట్టినవాళ్లు తక్కువ. స్కానింగ్ ఊసే లేకపోయినా కొరత వచ్చి తీరుతుంది. దాని దెబ్బ అందరికీ సమానంగా తగలదు. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి సంబంధాలు వస్తూనే ఉంటాయి. రెండెకరాలు సేద్యం చేసుకునే కుర్రాడికి ముప్ఫై అయిదొచ్చినా పిల్లనిచ్చేవాళ్లుండరు. పెళ్లిళ్ల పేరయ్యలు పొలం ఎంతుందన్న మాట అడగడం మానేశారు, ప్యాకేజీ ఎంతని అడుగుతున్నారు. పల్లెలో నిలవాలనుకున్న యువకుణ్ణి కూడా ఇదే పట్నం తోలేస్తోంది. ఇంత కొరతలోనూ కట్నం మాత్రం పోలేదు. సంఖ్య తగ్గినంత మాత్రాన ఆడపిల్ల విలువ దానంతటదే పెరుగుతుందని ఆశ పెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి, నా కళ్లముందు అలా జరగలేదు.

ఇప్పుడు అన్యాయం సంగతి. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 4.35 కోట్లు, ఇప్పటి బిహార్ ప్రాంతం 4.21 కోట్లు. దాదాపు సమానం, మనమే ఓ పిసరు ఎక్కువ. 2011కి మనం 8.46 కోట్లు, బిహార్ 10.41 కోట్లు. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో లోక్‌సభ సీట్ల పంపిణీని 1971 లెక్కల దగ్గర ఆపారు, 84వ సవరణతో 2026 తర్వాత వచ్చే తొలి జనగణన దాకా పొడిగించారు. అందుకే ఇవాళ మన రెండు రాష్ట్రాలకూ కలిపి 42, బిహార్‌కు 40. కేవలం తలల లెక్కన పంచితే ఇది తిరగబడుతుంది. కుటుంబ నియంత్రణ పాటించమని చెప్పి, పాటించినందుకు సీట్లు కోస్తే అది మాట తప్పడమే. ఈ విషయంలో దక్షిణాది ఆందోళన న్యాయమైనదేనని నా అభిప్రాయం.

డబ్బు పంపకం దగ్గర మాత్రం కాస్త నిదానించాలి. కేంద్రం పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్నది తేల్చేది ఆర్థిక సంఘం. 2021-26కి వాటాలు తేల్చిన 15వ ఆర్థిక సంఘం 1971 జనాభాను వదిలేసి 2011 జనాభాకు 15 శాతం ప్రాధాన్యం ఇచ్చింది. జననాలు తగ్గించుకున్న రాష్ట్రాలకు 12.5 శాతం విడిగా కేటాయించింది. ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి, తెలంగాణది 2.437 నుంచి 2.102కి తగ్గాయి. ఈ తగ్గుదలనంతా జనాభా పద్దులో రాసేయడం సరికాదు. అన్నిటికన్నా పెద్ద ప్రాధాన్యం, 45 శాతం, తలసరి ఆదాయంలో వెనకబడిన దూరానికి ఇచ్చారు. తెలంగాణ తలసరి ఆదాయం ఎక్కువ, కాబట్టి కోత పడింది. పేద రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను, వాళ్ల పిల్లలే మన మిల్లుల్లో ఉన్నారని ఇందాకే చెప్పుకున్నాం. నేను తప్పుపట్టేది ఒకటే: పంపకాల సూత్రంలో వృద్ధుల సంఖ్యకు ప్రాధాన్యం లేదు. పిల్లలు ఎక్కువున్న రాష్ట్రానికి బడుల ఖర్చు ఎంత నిజమో, ముసలివాళ్లు ఎక్కువున్న రాష్ట్రానికి పింఛన్లూ ఆసుపత్రుల ఖర్చూ అంత నిజం. మన రాష్ట్రాలు ఢిల్లీలో అడగాల్సింది ఇది. ఆ 200 రూపాయల్ని పెంచమని అడగాలి.

ముగ్గుర్ని కనాలా అన్న దానికి వస్తే, పంచాయతీ, మున్సిపల్ ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. మంచి పని చేసింది, ఆ నిబంధన ఎక్కువగా పేదింటి ఆడవాళ్లనే రాజకీయాలకు దూరం చేసింది. కానీ ఎక్కువమందిని కనండి అన్న పిలుపుతో ఇప్పటి లోటు తీరదు. ఈ ఏడాది పుట్టిన బిడ్డ సంపాదనలోకి రావడానికి ఇరవై రెండేళ్లు పడుతుంది. ఆ ఇరవై రెండేళ్లూ ఒక పక్క ముసలివాళ్లు, ఇంకో పక్క అదనపు పిల్లలు, మధ్యలో ఇరుక్కునేది పనిచేసే వయసు ఆడది. దక్షిణ కొరియా ఎంత ఖర్చు పెట్టినా 2023లో అక్కడి రేటు 0.72కి పడిపోయింది. ఇంటి పనీ ఆఫీసు పనీ రెండూ ఆడవాళ్ల నెత్తినే ఉన్న చోట ప్రోత్సాహక డబ్బుకి లొంగి ఎవరూ కనరు. లొంగితే గత్యంతరం లేనివాళ్లే లొంగుతారు.

అంతకన్నా దగ్గర దారులున్నాయి. పద్దెనిమిదికి ముందే పెళ్లి చేసి ఇంట్లో కూర్చోబెట్టిన ఆ 29 శాతం మందిలో సగాన్నైనా డిగ్రీ దాకా చదివిస్తే పనిచేసే చేతులు వెంటనే పెరుగుతాయి, ఇరవై రెండేళ్లు ఆగక్కర్లేదు. మండలానికొక పగటి వృద్ధ సంరక్షణ కేంద్రం పెట్టి, శిక్షణ ఇచ్చి జీతమిస్తే ముసలివాళ్లకు తోడు, ఊళ్లో ఆడవాళ్లకు ఉద్యోగం. ఇటుక బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బడులు కొన్ని చోట్ల నడిపారు, వాటిని సీజనుకో రీతిగా కాకుండా బడ్జెట్లో పెట్టి నడపాలి. ఆ పిల్లల్లో చాలామంది రేపు ఇక్కడే ఉండిపోతారు, తెలుగు మాట్లాడతారు, ఇక్కడే పన్ను కడతారు.

చివరిగా ఒక పని మీ చేతిలో ఉంది. నేను ఇచ్చిన జనగణన అంకెలు 2011తో ఆగిపోయాయి, ఆ తర్వాత జనగణన జరగలేదు కాబట్టి. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి వచ్చేది జరగబోతోంది. పుట్టిన చోటు, ఇంతకుముందు ఉన్న చోటు, ఎందుకు వచ్చారన్న వలస ప్రశ్నలు అందులో ఉంటాయి. ఎన్యూమరేటర్ మీ వీధికి వచ్చినప్పుడు అపార్టుమెంటు వాచ్‌మన్ గదినీ, వెనక రేకుల షెడ్డులో ఉంటున్న మేస్త్రీ ముఠానీ, పక్కింట్లో ఒంటరిగా ఉంటున్న పెద్దావిణ్ణీ చూపించండి. అలాంటి ఇళ్లకు తాళం ఉందని దాటేసిన సందర్భాలు నేను చూశాను. అక్కడ రాయని మనిషికి బియ్యం కోటా, బడి, ఆసుపత్రి ఏదీ లెక్కలో రాదు.